ఎద్దు దండగ కాదు, లెక్క తప్పు

“ఎద్దుల్ని మేపేది దండగ.” పడమటి కర్నూలులో ఈ మాట వాదన స్థాయి దాటి తీర్పైపోయింది. ఆదోని యార్డులో పత్తి దించి తూకానికి ఎదురుచూసే రైతు ఇదే అంటాడు. ఎరువుల అంగడాయన, బ్యాంకు మేనేజరు, రైతు సదస్సులో మైకు పట్టుకున్న అధికారి, పండక్కి బెంగళూరు నుంచి వచ్చిన కొడుకు, అందరిదీ ఇదే మాట. దీన్ని రుజువు చేయాల్సిన అవసరం ఉందని ఎవరూ అనుకోవడం లేదు. అందుకే ఎదురు చెప్పాల్సి వస్తోంది.

ముందు వాళ్ళ వాదం బలం తగ్గించకుండా చెప్తాను. జత ఎద్దులు పొద్దంతా దున్నే నేలను ట్రాక్టరు గంటలో దున్నేస్తుంది. ఎద్దులకు ఏడాదిలో గట్టిగా పని ఉండేది రెండు మూడు నెలలు, మేత మాత్రం పన్నెండు నెలలూ వేయాలి. మంచి జత కొనాలంటే లక్ష దాటుతుంది. రోగమొస్తే, కాలు విరిగితే ఆ లక్ష పోయినట్టే. నడివేసవిలో మనుషులకే నీళ్ళు దొరకని ఊళ్ళలో పశువులకెక్కడివి? పిల్లలు బడికి, పెద్దలు వలసకు పోతే కొట్టం చూసేదెవరు? ట్రాక్టరు పిలిస్తే వస్తుంది, పని చేసి పోతుంది, ఇంటి ముందు నిలబడి మేత అడగదు.

ఇందులో అబద్ధమంటూ ఒక్క ముక్క లేదు. అయినా ఈ నిజాలన్నీ పేర్చి చేసిన తీర్పు తప్పు. తుంగభద్ర దిగువ కాలువ కింద వరి పెట్టేవాళ్ళ సంగతి వేరు, వాళ్ళ జోలికి నేను పోవడం లేదు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, ఆస్పరి, ఆలూరు, గోనెగండ్ల మండలాల్లో మొగులు చూసి విత్తే నాలుగెకరాల, ఎనిమిదెకరాల కుటుంబాల గురించే మాట్లాడుతున్నాను. వాళ్ళకు ఎద్దు దండగ కాదు. ఎద్దును వదలడమే వాళ్ళకు జరిగిన నష్టం.

1. దుక్కి ఒక్కటే సేద్యమా?

ట్రాక్టరుకూ ఎద్దుకూ పోలిక ఎప్పుడు వచ్చినా దుక్కి దగ్గర మొదలై దుక్కి దగ్గరే ముగుస్తుంది. దుక్కిలో ఎద్దు ఓడిపోతుంది, ఒప్పుకుంటున్నాను. జత ఎద్దుల శక్తి సుమారు ఒక హార్స్‌పవర్. మన ఊళ్ళలో తిరిగే ట్రాక్టరుది నలభై, యాభై. నల్లరేగడిలో గరిక వేళ్ళు లోతుకు దిగితే దాన్ని పెకలించడానికి ట్రాక్టరు నాగళ్ళే సరి. కానీ ఆ లోతు దుక్కి ఏటేటా చేసేది కాదు, కొన్నేళ్ళకోసారి. మిగతా ఏడాదిలో సేద్యమంటే ఏమిటో ఆ పోలిక చెప్పేవాళ్ళు ఎప్పుడూ చెప్పరు.

ఉగాది దాటాక దిబ్బెరువు బండ్లకెత్తి చేన్లో కుప్పలు పోయాలి. రోహిణి ఎండల్లో మోళ్ళు తీసి గుంటక పాయాలి. మృగశిర, ఆరుద్రల్లో చినుకు పడితే గొర్రు కట్టాలి. గొర్రు వెనక ఇంటి ఆడమనిషి జడ్డిగంలో గింజలు వదులుతూ నడుస్తుంది. శెనక్కాయ సాళ్ళ మధ్య ఎక్కడ కంది పడాలో, ఎక్కడ అనుము పడాలో ఆమె చేతికి తెలుసు. మొలకొచ్చిన నాటి నుంచి గుంటక పాట్లు. శెనక్కాయ పీకే ముందు నేల వదులు చేయడానికి మళ్ళీ గుంటక. హింగారికి, అంటే రబీకి, శనగ, జొన్న, ధనియాలు విత్తడానికి మళ్ళీ గొర్రు. పంట ఇంటికి చేరడానికి బండి. ఇన్ని పనుల్లో ట్రాక్టరు గంటలో తేల్చేసేది ఏది? దుక్కి, రవాణా. కొంతవరకు విత్తడం.

పత్తిలో గుంటక తోలడం ఒక్కటి దగ్గరగా చూడండి. మొక్క మోకాలెత్తు వచ్చింది. సాలుకూ సాలుకూ మధ్య మూడడుగులు. ఎద్దుల మూతులకు చిక్కాలు కట్టారు, ఆకు కొరక్కుండా. కాడి పొడుగాటిది, ఎద్దుకొక సాలు, నడిమి సాలులో గుంటక. మనిషి మేడి మీద అరచెయ్యి నొక్కితే పాస లోతుకు దిగుతుంది, చెయ్యి తేలిక చేస్తే పైపైన కోసుకుపోతుంది. వంకరగా మొలిచిన మొక్క ఎదురైతే గుంటకను కాస్త ఒరగనిస్తాడు, ఎద్దు దానంతటదే అర అడుగు పక్కకు జరుగుతుంది. సాలు చివర గుంటక ఎత్తి పాసకు పట్టిన మట్టి, గరిక దులిపి తిప్పుతాడు. కలుపు తెగుతుంది. మొక్క మొదలుకు మట్టి ఎగబడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, నల్లరేగడి నోరు తెరిచిన పగుళ్ళు పూడి కింద ఉన్న తేమ ఆవిరి కాకుండా నిలుస్తుంది. వాన పదిహేను రోజులు మొహం చాటేసిన ఏడాది, చేను నిలిచిందా వాడిందా అన్నది ఈ పాటు మీదే ఆధారపడి ఉంటుంది.

ఈ పని పెద్ద ట్రాక్టరు చేయలేదు. చిన్న ట్రాక్టర్లు, పవర్ వీడర్లు లేవా అంటారు. ఉన్నాయి. పత్తి కొమ్మలు పరిచేదాకా అవీ కొంత చేస్తాయి. కొమ్మలు కలిశాక చక్రం పోయిన దారంతా పూత, గూడ రాలుతాయి. ఇక మిగిలింది కలుపుమందు. లేదా ఆడకూలీలతో కలుపు తీయించడం. రెండూ చేతి డబ్బే.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఎద్దులు దండగని అమ్మేసి ట్రాక్టరుతో దుక్కి చేయించిన రైతే శ్రావణంలో పక్కింటి గడప ముందు నిలబడి “అన్నా, రేపొక్క పూట మీ ఎద్దులు పంపన్నా” అంటాడు. ఆయన వాదం నిలబడాలంటే ఊళ్ళో ఇంకొకరెవరో ఆ దండగ పని చేస్తూ ఉండాలి. అందరూ ఆయన మాటే వింటే ఆ పూట గుంటక తోలేదెవరు? జతలు తగ్గేకొద్దీ ఎద్దుల బాడుగ ఏటికేడు పెరుగుతోంది. పనికిరాని దానికి బాడుగ పెరగదు.

2. అదును ఎవరి చేతిలో ఉంది?

ట్రాక్టరు వేగం నిజం. కానీ వర్షాధార సేద్యంలో కావాల్సింది వేగం కంటే ముందు, పదునున్న ఆ రెండు రోజుల్లో మన చేనుకు రావడం. ఎర్రనేలలో ఒక మంచి వాన తేమ రెండు మూడు రోజులు. ఆ రెండు మూడు రోజులూ ఊరందరికీ ఒకేసారి వస్తాయి. ఊళ్ళో ట్రాక్టర్లు ఎన్ని? అవి ముందు ఎవరి చేన్లోకి పోతాయి? ట్రాక్టరున్నవాడి సొంత చేనుకు, తర్వాత పెద్ద చెక్కలున్నవాళ్ళకు, పాత బాకీ లేనివాళ్ళకు. మూడెకరాలు రెండు తునకలుగా ఉన్నవాడి వంతు వచ్చేసరికి నేల ఆరిపోతుంది. గంటకు ఎకరం దున్నే యంత్రం మూడు రోజులు ఆలస్యంగా వస్తే ఆ వేగం ఎవరికి పనికొచ్చింది?

నల్లరేగడిలో కష్టం ఇంకోలా ఉంటుంది. వాన తగలగానే బంక అవుతుంది. రెండు టన్నుల ట్రాక్టరు అందులో దిగితే చక్రాలు కూరుకుపోతాయి. కూరుకుపోకపోయినా అవి తొక్కిన చోట అడుగు మట్టి గట్టిపడి నీరు ఇంకదు, వేరు దిగదు. ఎద్దు నడవగలిగినంత ఆరిన నేల ట్రాక్టరు దిగేంత ఆరడానికి ఇంకొన్ని రోజులు ఆగాలి. ముసురు పట్టిన ఏడాది ఆ కొన్ని రోజులు దొరక్కుండానే మళ్ళీ వాన పడుతుంది. ఈలోగా కలుపు చేనును మింగేస్తుంది. సొంత కాడి ఉన్నవాడు తెల్లవారుజామున చేనుకు పోయి మట్టి పిడికిట పట్టి చూసి, ఆ పూటే కాడి కడతాడా మర్నాటికి ఆగుతాడా తేల్చుకుంటాడు. ఆ తీర్మానం తన చేతిలో ఉండటమే సేద్యగాడి స్వతంత్రం. బాడుగ యంత్రంతో అది ఇంకొకరి చేతికి పోయింది.

3. ఖర్చు లెక్క

దండగ అన్నవాళ్ళ లెక్క ఎప్పుడూ ఒక వైపు రాసిందే. ఎద్దు పక్కన మేత, నీళ్ళు, దాణా, కొన్న ధర, మనిషి కూలి, అన్నీ రాస్తారు. ట్రాక్టరు పక్కన గంట బాడుగ ఒక్కటే రాస్తారు. ఎద్దుకు ఏడాది ఖర్చు, ట్రాక్టరుకు గంట ఖర్చు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టడమే మొదటి తప్పు.

అలా కాదు, సొంత ట్రాక్టరుకు కూడా ఏడాది లెక్క రాద్దాం. ఎద్దుకు తొమ్మిది నెలలు పని లేదంటున్నారు. ఆరెకరాల రైతు అప్పు చేసి కొన్న ట్రాక్టరుకు సొంత చేన్లో ఎన్ని రోజుల పని ఉంటుంది? ఎద్దుకున్నన్ని రోజులు కూడా ఉండదు. ఆ మిగతా కాలమంతా ట్రాక్టరు వడ్డీ తింటుంది. ఎద్దు చొప్ప తింటుంది. చొప్ప చేన్లో పండుతుంది, వడ్డీ పండదు. 2015–16 వ్యవసాయ గణనలో రాష్ట్ర సగటు కమతం 0.94 హెక్టారు. ఇంత చిన్న కమతాల మీద యాభై హార్స్‌పవర్ యంత్రం కొన్నవాడు బతకాలంటే ఊరూరూ తిరిగి బాడుగలు పట్టాలి. అందుకే కంతులు కట్టలేక వెనక్కి ఇచ్చేసిన బండ్లు ప్రతి ఫైనాన్సు కంపెనీ ఆవరణలోనూ కనిపిస్తాయి.

చొప్పకు ధర లేదా, కరువు ఏడు బండి చొప్ప వేలల్లో పలకదా అని అడగొచ్చు. పలుకుతుంది. ఆ ధర కట్టండి, నాకు అభ్యంతరం లేదు. అదే చేత్తో పేడకూ ధర కట్టండి. పెద్ద పశువు రోజుకు పది కిలోలకు తక్కువ కాకుండా పచ్చిపేడ వేస్తుంది. జతకు ఏడాదికి ఏడు టన్నుల పైమాట. దానికి కొట్టంలో కసువు, తిని వదిలిన చొప్ప, బూడిద కలిసి మాగితే ఏటా ఒక ఎకరాకు సరిపడా దిబ్బెరువు తయారవుతుంది. మెట్ట పైర్లకు ఎకరాకు నాలుగు టన్నులు వేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పేది అదే. ఐదెకరాలున్న ఇల్లు ఏడాదికొక ఎకరం చొప్పున చుట్టి వస్తే ఐదేళ్ళకు చేనంతా ఎరువు చూస్తుంది. ఎద్దులు లేని ఇల్లు దీన్ని కొనాలి, లేదా గొర్రెల మంద కట్టించి డబ్బివ్వాలి, లేదా బస్తాల మీద బస్తాలు పెంచుకుంటూ పోవాలి. మూడోదే ఎక్కువమంది చేస్తున్నారు. తేమ నిలవని నేల గురించి వాళ్ళే ఫిర్యాదు చేస్తున్నారు.

తర్వాత అమ్మకం ధర. ట్రాక్టరు షోరూం గేటు దాటిన నాటి నుంచి ధర పడుతూనే ఉంటుంది. రెండు పళ్ళ కోడెల జత కొని, కాడి మరిపి, రెండు ముంగారులు పని చేయించుకున్నాక దాని ధర పెరుగుతుంది. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో ప్రతి జనవరిలోనూ జరిగేది ఈ బేరమే. కర్ణాటక నుంచి కిలారి, హళ్ళికార్ జాతి ఎద్దులు కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ ఇక్కడికి దిగుతారు. పంట చేతికొచ్చిన నెల అది. ఎండాకాలం మేపలేమనుకున్నవాడు పనితనం వచ్చిన జతను అక్కడ అమ్మి, తక్కువ ధరకు లేత కోడెల్ని తెచ్చుకుంటాడు. మిగిలిన డబ్బు కూతురి పెళ్ళికో, బోరుకో, అప్పుకో పోతుంది. పనిముట్టూ అదే, పొదుపూ అదే. ఈ రెండో సంగతి దండగ లెక్కలో ఎక్కడా ఉండదు.

ముసలి ఎద్దు దగ్గర మాత్రం లెక్క నిజంగానే రైతుకు ఎదురు తిరుగుతుంది, దాచను. 1977 నాటి రాష్ట్ర చట్టం పనికిరాని ఎద్దుల విషయంలో ధ్రువపత్రం మీద వధకు అనుమతిస్తుంది. 2017 మే 23న కేంద్రం సంతల్లో వధ కోసం అమ్మకాన్ని నిషేధిస్తూ నియమాలు తెచ్చింది. ఆ ఏడు జులైలో సుప్రీంకోర్టు వాటి అమలును దేశమంతటా నిలిపివేసింది. కోర్టు ఆపినా దారిలో పశువుల బండి ఆపేవాళ్ళు ఆగలేదు. కొనేవాడు భయపడితే ధర పడిపోతుంది. ఇది ఎద్దు తెచ్చిన నష్టం కాదు, మనుషులు తెచ్చిపెట్టింది. ముసలి ఎద్దు కొట్టంలోనే పోవాలని కోరేవాళ్ళు దాని ఆఖరి ఏళ్ళ మేతలో ఎంత పంచుకుంటారో చెప్పాలి.

అన్నిటికంటే పెద్ద పద్దు నగదు. ఎద్దుకు అయ్యే ఖర్చులో ఎక్కువ భాగం ఇంటి చొప్ప, ఇంటి చాకిరీ. ట్రాక్టరు ఖర్చు మొత్తం నగదు, అదీ జూన్ నెలలో. అప్పుడు ఇంట్లో రూపాయి ఉండదు. విత్తనాలకు, మందుకట్టకు ఎలాగూ అప్పు తప్పదు. దాని మీద దుక్కి బాడుగ, గుంటక బాడుగ, కలుపుమందు చేరతాయి. నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవాడు పంటను కూడా అప్పిచ్చినవాళ్ళు చెప్పిన చోటే, చెప్పిన ధరకే వేయాలి. ఐదెకరాల పత్తికి నాలుగు పాట్లు గుంటక అంటే ఇరవై ఎకరాల బాడుగ. సొంత జతకు అది ఏడెనిమిది రోజుల పని, జేబులోంచి రూపాయి తీయనక్కర్లేదు. వలసలు ఎద్దులు పోవడం వల్లే వచ్చాయని నేను అనను. వానలు లేక, నీళ్ళు లేక, కూలి లేక వచ్చాయి. కానీ దసరా దాటగానే కోసిగి, కౌతాళం పల్లెల్లో ఇళ్ళకు తాళాలు వేసి గుంటూరు మిరప చేన్లకు పోయే కుటుంబాలు తీర్చాల్సిన అప్పు ఏ పద్దుల్లో పెరిగిందో అడిగి చూడండి. సేద్యం ఖర్చు ఇంట్లోంచి అంగట్లోకి మారిన కొద్దీ ఆ పద్దు పెరిగింది.

4. మేత ఎందుకు లేదు?

మేత లేదన్నది నిజమే. ఎందుకు లేదో ఎవరూ అడగరు. హింగారి జొన్న వేసిన రోజుల్లో ప్రతి ఇంటి ముందూ వామి ఉండేది. కొర్ర గడ్డి, శెనక్కట్టె, కంది పొట్టు, జొన్న చొప్ప, ఇవన్నీ పంటతోపాటు ఇంటికొచ్చేవి. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక ఏటా పత్తి విస్తీర్ణం జొన్న నేలను తినుకుంటూ పోయింది. పత్తి కట్టె పొయ్యిలోకి తప్ప గాటికి పనికిరాదు. ఉన్న చేనంతా పత్తి పెట్టి, వేసవిలో గాడి ఖాళీగా ఉందని ఎద్దును తప్పుపట్టడం ఏం న్యాయం?

పరిశోధన కూడా ఇదే దారి పట్టింది. నంద్యాల పరిశోధనా స్థానం యంత్రంతో కోయడానికి వీలుగా నిటారుగా పెరిగే ఎన్‌బిఇజి 47 శనగ రకాన్ని తెచ్చింది. కూలీలు దొరకని రైతుకు అది మేలే, కాదనను. కానీ హార్వెస్టరు కోసిన చేన్లో పొట్టు గాలికి పోతుంది. యంత్రానికి అనువైన మొక్క ఎత్తు మీద పెట్టిన ధ్యాసలో పావు వంతు, ఎక్కువ చొప్పనిచ్చే హింగారి జొన్న మీదా, చొప్ప పండించిన రైతుకు ప్రోత్సాహం మీదా పెట్టి ఉంటే మేత లేదన్న మాట ఇంత సులువుగా వచ్చేది కాదు. ఎకరం జొన్న వేస్తే పత్తిలో వచ్చినంత రాదంటారు. వచ్చిన ఏడు రాదు. 2023లో ప్రభుత్వం 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించింది. పడమటి కర్నూలు మండలాలూ అందులో ఉన్నాయి. అలాంటి ఏడు పత్తి వేసినవాడికి పత్తీ లేదు, చొప్పా లేదు. గింజ పట్టని జొన్న కూడా చొప్పైతే ఇస్తుంది.

5. చాకిరీ ఎవరిది?

ఇది అసలైన అభ్యంతరం. దండగ అన్నవాళ్ళు దీన్ని ఎత్తరు, కాబట్టి నేనే ఎత్తుతున్నాను.

పాత రోజుల ఎద్దుల సేద్యాన్ని తలచుకుని కళ్ళు చెమర్చుకునేవాళ్ళలో చాలామంది ఆ ఎద్దుల్ని తోలినవాళ్ళు కాదు. పెద్ద కమతాల్లో నాలుగైదు కాండ్లు ఉండేవి. వాటి వెనక జీతగాళ్ళు ఉండేవాళ్ళు. అప్పు కింద పదేళ్ళ పిల్లవాణ్ణి కొట్టంలో పెట్టిన దళిత కుటుంబాలు ఈ మండలాల్లో ఎన్నో. 1976లో వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం వచ్చాక కూడా అది ఒక్కరోజులో పోలేదు. ఆ సేద్యం పోవాల్సిందే. పోయింది, మంచిదైంది. దాన్ని వెనక్కి తెమ్మనే వాదం నాది కాదు. నా లెక్కంతా ఒక ఇల్లు, ఒక కాడి. తమ ఎద్దుల్ని తామే తోలుకునే కుటుంబం. భూమి పంచినప్పుడు మూడెకరాలు వచ్చిన దళిత, బోయ, కురుబ రైతుకు ఆ భూమిని దున్నుకునే శక్తి చేతిలో లేకపోతే, పట్టా తన పేర పెట్టుకుని చేను ఇంకొకరికి కౌలుకు ఇచ్చుకోవాల్సి వస్తుంది. అలా జరిగిన చేన్లు ఎవరి ఊళ్ళో వాళ్ళు చూసుకోవచ్చు.

ఇంట్లోనూ చాకిరీ సమంగా లేదు. కాడి కట్టేది మగవాడు, కొట్టం ఊడ్చేది ఆడది. పేడ ఎత్తడం, దిబ్బకు మోయడం, కుడితి కలపడం, దూరం నుంచి నీళ్ళు తేవడం ఆమె పనే. ఎద్దులు అమ్మేద్దామని ముందు అన్నది ఆమే అయితే, ఆమె మాటలో న్యాయం ఉంది. దానికి నా సమాధానం ఎద్దును తీసేయడం కాదు. కొట్టం దగ్గర నీళ్ళ తొట్టి, పేడ మోయడానికి తోపుడు బండి, మగవాడు కూడా చీపురు పట్టడం. ఊరికి పశువుల నీళ్ళ తొట్లు కట్టడం ఉపాధి హామీ పనుల్లో ఉంది. కట్టిన తొట్లలో నీళ్ళు నింపేవాళ్ళు లేరు. ఎద్దులు పోయాక ఆమె చాకిరీ తగ్గిందా అంటే, గుంటక తోలని చేన్లో వంగి కలుపు తీస్తున్నది కూడా ఆమే.

6. మరి రెండు మాటలు

కాడి కట్టడం హింస అంటారు కొందరు. మెడ పుండ్లు పడేదాకా పని చేయించడం, ముల్లుకర్రతో పొడవడం హింసే. అలా చేసేవాణ్ణి ఊళ్ళోనే ఎవరూ మెచ్చుకోరు. కానీ పని లేని కోడెదూడ ఏమవుతోందో కూడా చూడాలి. 2012 పశుగణనలో దేశంలో మగ పశువులు 6.79 కోట్లు. 2019 నాటికి 4.74 కోట్లకు పడిపోయాయి. అదే ఏడేళ్ళలో ఆవుల సంఖ్య 18 శాతం పెరిగింది. కాడి నుంచి తప్పించిన రెండు కోట్ల ఎద్దులు ఎక్కడా హాయిగా మేయడం లేదు.

ఇంకొందరు ఎదురు వాదం చేస్తారు: ఎద్దులకేం, బండలాగుడు పందేల్లో లక్షలు పలుకుతున్నాయి కదా అని. ఆ గిత్తలు వేరు, ఆ మేపు వేరు, ఆ యజమానులు వేరు. బాదం పప్పు తిని బండ లాగే జత గుంటక తోలదు. దాన్ని చూపించి సేద్యపు ఎద్దు బాగుందనడం తప్పుదారి పట్టించడమే.

7. వెనకబాటు అనే మాట

2020 జులైలో చిత్తూరు జిల్లాలో ఇద్దరు ఆడపిల్లలు తండ్రి చేన్లో కాడి భుజానికెత్తుకున్న వీడియో దేశమంతా చూసింది. నటుడు సోనూ సూద్ మర్నాడే జత ఎద్దులు పంపుతానన్నారు. కాసేపటికి మాట మార్చి, ఈ కుటుంబానికి తగింది ట్రాక్టరని చెప్పి అదే పంపించారు. ఆయన మంచి మనసును నేను శంకించను. నన్ను ఆలోచింపజేసింది దేశం చప్పట్లు కొట్టిన చోటు. ఎద్దులన్నప్పుడు మెచ్చుకున్నారు, ట్రాక్టరు అన్నప్పుడు ఉప్పొంగిపోయారు. ఎద్దు పేదరికం, ట్రాక్టరు గౌరవం అని అందరి మనసుల్లో ముందే రాసి ఉంది.

ఈ రాత అంత పాతదేమీ కాదు. 1981లో నైరోబీలో జరిగిన ఐక్యరాజ్యసమితి ఇంధన సదస్సులో ఇందిరాగాంధీ భారతదేశంలో పశువులిచ్చే శక్తి విద్యుత్ కేంద్రాలన్నీ కలిసి ఇచ్చేదానికంటే ఎక్కువని చెప్పారు. బెంగళూరు ఐఐఎం తొలి డైరెక్టరు ఎన్.ఎస్. రామస్వామి ఎద్దుబండి ఇరుసు, చక్రం, కాడి మెరుగుపరచడానికి దశాబ్దాలు వెచ్చించారు. 1991లో సోవియట్ యూనియన్ కూలి డీజిల్ రాక ఆగినప్పుడు క్యూబా ప్రభుత్వం దున్నడానికి మళ్ళీ ఎద్దుల్ని పెంచి, తోలడం నేర్పించే ఏర్పాట్లు చేసింది. క్యూబావాళ్ళు వెనకబడినవాళ్ళు కారు. డీజిల్ లేని రోజు ఎలా ఉంటుందో చూసినవాళ్ళు. మనకు లీటరు డీజిల్ వంద రూపాయల దగ్గర ఆడుతోంది. ఆ ధర ఎక్కడ ఆగుతుందో ఆదోని రైతు చేతిలో లేదు.

డబ్బు ఎటు పోతుందో కూడా చూడాలి. 2022 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం గుంటూరులో ఒకేరోజు 3,800 ట్రాక్టర్లు, 320 కోత యంత్రాలు రైతు బృందాలకు రాయితీ మీద అందించింది. కేంద్రం యాంత్రీకరణ పథకంలో ఎద్దులు లాగే పనిముట్లకు కూడా రాయితీ ఉంది. కాగితం మీద ఉంది. మంచి ఇనుప గొర్రు కావాలని రైతు అడిగితే దొరికేది ఊరి వడ్రంగి, కమ్మరి దగ్గరే, రాయితీ లేకుండా. యంత్రానికి రాయితీ ఇచ్చి, ఎద్దుకు ఇవ్వకుండా, చివరికి ఎద్దు ఓడిపోయిందని ప్రకటించారు. ఈ పోటీ సమంగా జరగలేదు.

ఇంకో దెబ్బ పుట్టుక దగ్గరే పడుతోంది. కృత్రిమ గర్భధారణ ఎక్కువగా పాల కోసమే, జెర్సీ, హోల్‌స్టీన్ సంకరం. ఇప్పుడు పెయ్యదూడలే పుట్టేలా వీర్యాన్ని వేరుచేసి ఇస్తున్నారు. పాడి రైతుకు అది లాభం. కాడికి పనికొచ్చే కోడెలు ఏ ఆవుకు పుట్టాలో మాత్రం ఏ పథకంలోనూ లేదు. ఇలాగే ఇంకో పదేళ్ళు పోతే, ఎద్దు కావాలన్న రైతుకు కూడా ఎద్దు దొరకదు.

కాబట్టి అడగాల్సినవి అడుగుతున్నాను. పదెకరాల లోపు మెట్ట రైతుకు కాడెద్దుల కొనుగోలుకు పంట రుణం వడ్డీకే అప్పు, దానికి బీమా. ప్రతి రైతు సేవా కేంద్రంలో గొర్రు, గుంటక, పొడవు కాడి రాయితీ మీద. ఏప్రిల్, మే నెలలకు ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగిలో చొప్ప నిల్వలు, అదీ స్థానిక రైతు పండించిన జొన్న చొప్పే కొని. పత్తి పక్కన ఎకరం జొన్న వేసినవాడికి ప్రోత్సాహం. హళ్ళికార్, కిలారి కోడెల కోసం వీర్య సరఫరా, బనవాసి కృషి విజ్ఞాన కేంద్రంలో కొత్త కుర్రాళ్ళకు ఎద్దు తోలే శిక్షణ. దుక్కికి ట్రాక్టరు రానివ్వండి, విత్తు నుంచి కోత దాకా మిగతా పని ఎద్దుకు వదలండి. వచ్చే జనవరిలో నీలకంఠేశ్వరస్వామి తేరు కదిలేలోపు వీటిలో మొదటి మూడు మొదలుపెట్టడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు, జిల్లా కలెక్టరు, లీడ్ బ్యాంకు, పశుసంవర్ధక శాఖ ఒక్కసారి ఎమ్మిగనూరులో కూర్చుంటే చాలు.